గాలి పదిహేను దాటితే

నవంబర్ 15, శుక్రవారం. ఎనభయ్యో రోజు.

అన్నం బుట్టలో తాడు మీద పైకి వెళ్ళింది. మొలకల చారు, ముల్లంగి ముక్కలు, ఎండు చేప సగం, వేడినీళ్ళ సీసా. చీటీ కూడా. కిందికి వచ్చింది రోజూ వచ్చేదే, మూతి బిగించిన నల్ల సంచి. దాన్ని పారబోసేది కూడా నేనే. తాడు పట్టుకున్నవాళ్ళదే అన్నం, తాడు పట్టుకున్నవాళ్ళదే పెంట.

ఇవాళ పత్రిక నుంచి ఒకడు వచ్చాడు. కొత్త బూట్లు. వాటికి బురద అంటకుండా నిలబడి, "ఆవిడ నీళ్ళ ట్యాంకు మీదికి ఎందుకెక్కారండీ?" అని అడిగాడు. ఎనభై రోజుల తర్వాత అడుగుతున్నాడు. చెప్పాను. ఇది చేపల డబ్బాల ఫ్యాక్టరీ, మేం ముప్ఫై ముగ్గురు ఆడవాళ్ళం, యూనియన్ పెట్టాం, పెట్టిన పద్దెనిమిదో రోజున గేటుకి గొలుసేసి ఫోనుల్లో మెసేజ్ పంపారు, రేపట్నుంచి రావద్దని. కింద కూర్చుంటే ఎవడూ చూడలేదు. అందుకని పైన కూర్చున్నాం. చీటీలు వేసుకుంటే మొదటి పేరు మల్సున్ అక్కది వచ్చింది. ఇరవై ఎనిమిది మీటర్ల ఎత్తు. పైన పరదా గుడారం, ఇద్దరు పడుకునేంత చోటు.

"రెండో పేరు ఎవరిదండీ?" అన్నాడు.

నాది. రాసుకున్నాడు.

నవంబర్ 17, ఆదివారం

చలి. చీటీలో రాసింది: "సోమవారం. మబ్బు. గాలి 6."

చీటీ రాయడం నా పని. పైన ఫోను బ్యాటరీ చలికి చచ్చిపోతోందని అక్క దాన్ని ఆపేసి ఉంచుతుంది. సాయంత్రం ఐదింటికి ఐదు నిమిషాలు తెరుస్తుంది, కూతురితో మాట్లాడి మూసేస్తుంది. కాబట్టి రేపటి వాతావరణం ఆమెకి నా చేతిరాతలోనే తెలుస్తుంది. ఎక్కే ముందు ముప్ఫై ముగ్గురం చేతులెత్తి అనుకున్న మాట ఒకటుంది. గాలి సెకనుకి పదిహేను మీటర్లు దాటుతుందంటే ఆమె దిగాలి. గాలి తగ్గగానే రెండో పేరు ఎక్కాలి.

ఇంతవరకు పదమూడు దాటలేదు.

నవంబర్ 18, సోమవారం

పొద్దున ఆరింటికి టీవీ వాతావరణ వార్తల్లో తెల్ల కోటు పిల్ల నవ్వుతూ చెప్పింది. గురువారం తూర్పు తీరమంతా తొలి మంచు. మామూలుకంటే ముందే వస్తోందట. సముద్రం మీంచి ఈశాన్యపు గాలి, పద్దెనిమిది. విసురుగా వీస్తే ఇరవై ఐదు. "తొలి మంచు పడే వేళ మీకిష్టమైన వాళ్ళ పక్కనే ఉండండి!" అని చేతులు గుండె మీద పెట్టుకుంది.

దాని మొహం. ఇష్టమైనవాళ్ళు లేనివాళ్ళు ఎక్కడ ఉండాలో చెప్పలేదు.

పద్దెనిమిది. ఫోనులో చూశాను, పద్దెనిమిదే. ఇంకో యాప్‌లో చూశాను, పంతొమ్మిది.

ఇవాళ చీటీలో మంగళవారం సంగతి మాత్రమే రాశాను. గురువారానికి ఇంకా టైముంది. అంచనాలు మారుతూ ఉంటాయి.

నవంబర్ 19, మంగళవారం

మారలేదు.

గిల్సు పిలిచాడు. జిల్లా యూనియన్ ఆఫీసు నుంచి మాకు నాయకుడిగా వచ్చినవాడు. మంచివాడే అంటారు అందరూ. ఉద్యోగం పోనివాడు మంచివాడుగా ఉండటం సులువు. డేరా వెనక్కి తీసుకెళ్ళి సిగరెట్ వెలిగించాడు.

"నారే, గురువారం చీటీలో ఏం రాస్తావ్?"

"ఉన్నది రాస్తా. పద్దెనిమిది."

"శుక్రవారం పదింటికి కంపెనీవాళ్ళు కూర్చుంటామన్నారు. ఎనభై నాలుగు రోజుల్లో మొదటిసారి. గురువారం ఆమె దిగిపోయిందనుకో, శుక్రవారం వాళ్ళకి మనతో ఏం పని? ఎవరితో మాట్లాడతారు, నీతోనా?"

"మంచు పడుతుందండీ. గాలి కూడా."

"టీవీవాళ్ళు చెప్పినవన్నీ వస్తే మనం ఎప్పుడో కొట్టుకుపోయేవాళ్ళం. పదకొండు రాయి."

"మీరే రాయండి."

"నా రాత ఆమెకి తెలుసు. నీ రాతంటే నమ్ముతుంది." పొగ వదిలాడు. "అయినా ఆలోచించుకో. ఆమె దిగితే తర్వాత ఎక్కేది ఎవరో నీకు తెలీదా? మంచు నిచ్చెన మీద గడ్డకట్టి ఉంటుంది అప్పటికి."

వాణ్ణి కొట్టాలనిపించింది. నిజంగా. చెయ్యి పిడికిలయింది. నేను చదివింది పదో తరగతే గానీ కార్మిక చట్టం పుస్తకం అట్టలూడేదాకా చదివాను, వీడికంటే నాకే ఎక్కువ తెలుసు. నన్ను భయపెడదామనుకుంటున్నాడు. నాకు ఎత్తంటే భయం లేదు. చిన్నప్పుడు పర్సిమన్ చెట్లు ఎక్కి ఆ నారింజరంగు పండ్లు కోసిందాన్ని. దానికీ దీనికీ సంబంధం లేదు. అది వేరే విషయం.

శుక్రవారం మీటింగ్ ముఖ్యం. అది మాత్రం నిజం.

చీటీలో రేపటి కింద ఎల్లుండిది కూడా రాశాను: "గురువారం. మంచు కొంచెం. గాలి 12."

అతను పదకొండన్నాడు. నేను పన్నెండు రాశాను.

నవంబర్ 20, బుధవారం

పొద్దున్నే వంటదగ్గర ఒక్బున్ పెద్దక్క ముల్లంగి తరుగుతూ, ఇవాళ సోన్‌దోల్ రోజు అంది. ఆ కథ మా ఊళ్ళో కుక్కకి కూడా తెలుసు. రాజు శత్రువులకి భయపడి పడవలో పారిపోతున్నాడు, పడవవాడు సోన్‌దోల్ సుడులున్న దారిలోకి తిప్పాడు, నన్ను చంపడానికే తీసుకుపోతున్నావని రాజు వాడి తల తీయించాడు. చచ్చేముందు వాడు చెప్పాడు, ఆనపకాయ బుర్ర నీళ్ళలో వదలండి, అది పోయే దారినే పోండని. రాజు అలాగే పోయి ఒడ్డు చేరాడు. అప్పట్నుంచి ఏటా ఈ రోజుకి గాలి లేస్తుంది.

"నిజం చెప్పినవాడికి తల పోయింది, చూశావా" అంది.

"నిజం చెప్పినందుకు కాదు, రాజుకి బుద్ధిలేక" అన్నాను.

"నీకు ఎవరిమీదైనా కోపమేనే పిల్లా! చచ్చిపోయిన రాజు మీద కూడానా?" అని తరిగిన ముక్క నా నోట్లో కుక్కింది. తియ్యగా ఉంది. ఈ నెల ముల్లంగి తియ్యగానే ఉంటుంది.

పదకొండింటికి బుట్ట దిగింది. అందులో అక్క రాసిన కాగితం.

"నారే, లోపల పరదాకి ఊపిరి చెమ్మ పట్టి కారుతోంది, పడుకునే సంచి తడిసి ముద్దయింది. రేపు పన్నెండే అన్నావుగా, పొద్దున పడమటి వైపు తాళ్ళు విప్పి గాలి ఆడనిస్తా, ఆరాక మళ్ళీ కడతా. కొత్త తాడు ఒకటి పంపు. చేప బాగుంది, ఉప్పు ఎక్కువ. ఒక్బున్‌కి చెప్పు, ముసల్దానికి నాలుక చచ్చిందని."

మూడుసార్లు చదివాను.

కొత్త తాడు పంపాను. రెండు పంపాను. తాళ్ళు విప్పొద్దని రాద్దామని కాగితం తీశాను. విప్పొద్దంటే ఎందుకని అడుగుతుంది. పన్నెండుకి తాళ్ళు విప్పితే ఏమవుతుంది, ఏమీ కాదు. మరి పన్నెండు కాదుగా. రేపు పొద్దున అన్నంతోపాటు రాస్తాను. "గాలి కొంచెం పెరిగేలా ఉంది" అని. అలా రాస్తే సరిపోతుంది. అంచనా మారిందని అనుకుంటుంది.

ఫోనులో చూశాను. పద్దెనిమిది. మధ్యాహ్నం నుంచి అని ఉంది.

మధ్యాహ్నం నుంచే కదా. పొద్దున టైముంది.

నవంబర్ 21, గురువారం. పొద్దున

ఏడున్నర. సముద్రం నల్లగా ఉంది. మంచు లేదు. గాలి లేదు. అంచనాలు తప్పుతాయి.

అదే రోజు, సాయంత్రం, ఆసుపత్రి వరండా

తొమ్మిదింటికి అన్నం బుట్టలో పెట్టాను. చీటీ రాశాను, "గాలి పెరిగేలా ఉంది, తాళ్ళు విప్పకు." బుట్ట సగం ఎత్తుకి వెళ్ళింది. అప్పుడు మొదలైంది.

గాలి మధ్యాహ్నం దాకా ఆగలేదు. సముద్రం వైపునుంచి ఒక్కసారి తోసినట్టు వచ్చింది. బుట్ట ట్యాంకు కాలుకి కొట్టుకుంది, చారు నా నెత్తిమీద పడింది. తాడు మెలికలు తిరిగి ఇనుప కమ్మీకి చుట్టుకుంది. ఎంత లాగినా పైకి పోదు, కిందికి రాదు. చీటీ అందులోనే ఉంది.

పైన పరదా ఒక వైపు ఎగురుతోంది. విప్పేసింది అప్పటికే. పడమటి వైపు మొత్తం.

అరిచాను. డేరాలోంచి అందరూ వచ్చి అరిచారు. గాలికి మా అరుపులు మా మొహాలకే కొట్టుకున్నాయి. మంచు అడ్డంగా వచ్చింది, తడి మంచు, మొహానికి పిండి ముద్దలు విసిరినట్టు. పరదా ఒకసారి గొడుగులా ఉబ్బి, తర్వాత పోయింది. ఫ్యాక్టరీ కప్పు మీదుగా, ఊరి వైపు. అక్క ట్యాంకుకీ కమ్మీకీ మధ్య ముడుచుకుని కూచుంది. ఆకుపచ్చ జాకెట్ కనపడుతోంది. తర్వాత అది కూడా తెల్లగా అయిపోయింది.

నిచ్చెన ఎక్కాను. ఎందుకు రాస్తున్నానంటే, ఎక్కాను అని రాయాలి. మధ్యలో ఆగడానికుండే మొదటి ఇనుప అరుగు దాకా ఎక్కాను. తొమ్మిది మీటర్లు. మెట్లకి మంచు పట్టింది, గ్లవ్స్ అంటుకుపోతున్నాయి. అక్కడ ఆగిపోయాను. చలికి. కమ్మీని కావలించుకుని నిలబడ్డాను, ఎంతసేపో తెలీదు, పైకి చూడలేదు.

కిందినుంచి గిల్సు, "దిగు నారే! మంచు తగ్గుతుంది, అరగంట చూద్దాం! ఎవరూ ఎక్కడికీ ఫోన్ చెయ్యొద్దు, పోలీసులొస్తే అంతా అయిపోతుంది!" అంటున్నాడు.

దిగాను. దిగి అగ్నిమాపక నంబరు నూటపందొమ్మిదికి ఫోన్ చేశాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. కొరికాను.

అగ్నిమాపక వాళ్ళు ఇరవై నిమిషాల్లో వచ్చారు. నిచ్చెన బండి గాలికి పని చెయ్యలేదు. ఇద్దరు మనుషులు తాళ్ళు కట్టుకుని మామూలు నిచ్చెన మీదే ఎక్కారు. అదే నిచ్చెన. మొదటి అరుగు దగ్గర ఆగలేదు. ఒంటిగంటన్నరకి అక్కని నడుముకి కట్టుకుని దించారు. ఎనభై ఆరు రోజుల తర్వాత ఆమె కాలు నేలమీద పెట్టలేదు, స్ట్రెచర్ మీద పెట్టారు. పెదాలు నీలంగా ఉన్నాయి. మాట్లాడలేదు.

బతుకుతుందని డాక్టర్ చెప్పాడు. మంచుకి గడ్డకట్టిన ఎడమచేతి రెండు వేళ్ళ సంగతి రెండు వారాలయితే గానీ చెప్పలేనన్నాడు.

ఎడమచెయ్యే కదా, అనుకున్నాను.

నవంబర్ 22, శుక్రవారం

కంపెనీ మీటింగ్ రద్దు. పైన ఎవరూ లేరు కాబట్టి అత్యవసరమేమీ లేదట.

గిల్సు మైకులో మాట్లాడాడు. "అంచనాలకు అందని ప్రకృతి" అన్నాడు. "వాతావరణ శాఖ చెప్పినదానికీ వచ్చినదానికీ పొంతన లేదు" అన్నాడు. కొత్త బూట్లవాడు రాసుకున్నాడు. ముప్ఫై ఒక్కమంది తలలు ఊపారు. నేను ఊపలేదు. ఊపకపోవడం కూడా ఏదో పెద్ద పని చేసినట్టు అనిపించింది ఒక్క నిమిషం.

వాతావరణ శాఖ పద్దెనిమిది చెప్పింది. పద్దెనిమిది వచ్చింది. ఈ ఊళ్ళో ఆ రోజు నిజం చెప్పింది ఆ తెల్ల కోటు పిల్ల ఒక్కతే.

నవంబర్ 23, శనివారం

వెళ్ళలేదు.

నవంబర్ 24, ఆదివారం

వెళ్ళాను. పియర్ పండ్లు తీసుకెళ్ళాను. అక్క మంచం ఎత్తు చేసుకుని కూచుని ఉంది, చేతికి పెద్ద కట్టు. పక్క మంచం ముసలమ్మకి కథ చెప్తోంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది కానీ ఆగటం లేదు, మూడు నెలలు మాట్లాడటానికి మనిషి లేక దాచిపెట్టుకున్నదంతా పోస్తోంది.

"ఆ వాతావరణం వాళ్ళ నోట్లో మన్ను పొయ్య! పన్నెండన్నారమ్మా. పన్నెండు! నేనేమో బొమ్మలా కూచుని తాళ్ళన్నీ విప్పుకున్నా. పొద్దున సముద్రం చూస్తే రంగు బాలేదు. మా నాన్న పడవ మీద బతికినవాడు, ఆ రంగు చూస్తే వలే పట్టేవాడు కాదు. నాకనిపించింది కూడా. కానీ కాగితం మీద పన్నెండుంది కదాని... చదువుకున్నవాళ్ళు కదా వాళ్ళు. రా నారే, కూచో. ఏంటే అలా చిక్కిపోయావ్?"

నేను కూచోలేదు.

"వాళ్ళు పన్నెండు చెప్పలేదక్కా."

"మరెంత?"

"పద్దెనిమిది."

ముసలమ్మ నన్ను చూసింది. అక్క ఇంకా నవ్వుతున్నట్టే ఉంది, మొహం మార్చుకోవడం మర్చిపోయినట్టు.

"నువ్వు తప్పు చూశావా?"

ఆ మాటతో నాకు దారి ఇచ్చింది. అవునంటే అయిపోయేది. తప్పు చూశానక్కా, అని. ఎంత తేలిక. నాలుక మీద దాకా వచ్చింది.

"లేదు. సోమవారమే చూశాను. గిల్సు పదకొండు రాయమన్నాడు. నేను పన్నెండు రాశాను."

అక్క కట్టు వైపు చూసుకుంది.

"ఒకటెందుకు కలిపావ్?"

"తెలీదు."

"తెలీదంట." ముసలమ్మకి చెప్తున్నట్టు అంది. తర్వాత నావైపు తిరిగింది. "నా కాగితం అందిందా? తాళ్ళు విప్పుతానన్నది."

"అందింది."

"చదివావా?"

"మూడుసార్లు."

"మూడుసార్లు చదివి తాడు పంపావా?"

"రెండు పంపాను."

అప్పుడు కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. మంచి చెయ్యి కుడిది, దగ్గరగానే ఉంది. దాంతో పియర్ పండు తీసుకుంది, చూసింది, మళ్ళీ పెట్టేసింది.

"ఎంతమందికి తెలుసు ఇది?"

"నాకు. గిల్సుకి."

"ఇప్పుడు నాకు. ఇంకా ముప్ఫై ఒక్కమంది ఉన్నారు. బుధవారం చలికాలానికి కిమ్చి పచ్చడి పెడతారు కదా, అందరూ వస్తారు. చెప్పి రా. గిల్సు గురించి కాదు. నీ గురించి చెప్పు. చెప్పేదాకా ఇటు రాకు." మంచం దించమని నర్సుని పిలిచింది. "పండ్లు తీసుకెళ్ళు. తొక్క తీయడానికి ఒక్క చెయ్యి చాలదు నాకు."

నవంబర్ 26, మంగళవారం

చట్టం పుస్తకంలో దీనికి పేజీ లేదు. వెతికాను.

కంపెనీవాళ్ళు నిచ్చెనకి ఇనుప గేటు బిగించడానికి శుక్రవారం వస్తారట. మంచు కరగాలని ఆగారు. అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు, రెండోసారి ఎక్కాలా వద్దా అని. ఎవరూ నావైపు చూడటం లేదు. మర్యాదకి.

నవంబర్ 27, బుధవారం

రెండు వందల క్యాబేజీలు. రాత్రంతా ఉప్పులో నానినవి. డేరా మొత్తం ప్లాస్టిక్ పరిచి చుట్టూ కూచున్నారు, ఎర్ర గ్లవ్స్, మధ్యలో కారం ముద్ద గుట్ట. నేను అల్లం వెల్లుల్లి తెచ్చి పెట్టాను. కూచోకుండా నిలబడే చెప్పాను.

బాగా చెప్పలేదు. సోమవారం, మంగళవారం, కాగితం, తాడు. గిల్సు మూల కూచుని ఫోను చూస్తున్నాడు, తల ఎత్తాడు, "నారే, ఇప్పుడు ఈ టైములో..." అన్నాడు. యోన్‌హీ, నా కంటే రెండేళ్ళు పెద్దది, చీటీల్లో మూడో పేరు, "నోర్ముయ్యండి" అంది అతనితో. ఆమె అలా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

తర్వాత నావైపు తిరిగి, "ఎందుకు రాశావ్? అతను చెప్పాడనా?" అంది.

"మీటింగ్ ఉందని..." అన్నాను. అక్కడ ఆగాను. కింద గోళెంలో ఉప్పునీళ్ళు. "కాదు. ఆమె దిగితే నేనెక్కాలి. మొన్న తొమ్మిది మీటర్ల దగ్గర ఆగిపోయాను మీరు చూశారు కదా. చలికి కాదు."

అన్నాను. ఇక్కడ కూడా రాయలేదు ఇన్నాళ్ళూ. అక్కడ అన్నాను.

ఎవరైనా తిడతారని చూశాను. తిట్టలేదు. క్యాబేజీ ఆకుల మధ్య కారం రాసే చేతులు ఆగలేదు కూడా, నెమ్మదించాయంతే. ఎవరి ముందున్న క్యాబేజీని వాళ్ళు చూసుకుంటున్నారు. అందరూ ఒకే విధంగా. అప్పుడు నాకు ఏదో తేడాగా అనిపించింది. అదేంటో ఒక్బున్ పెద్దక్క చెప్పేదాకా అర్థం కాలేదు.

"మా ఫోనుల్లో కూడా పద్దెనిమిదే ఉంది కదే" అంది.

ఎవరూ తలెత్తలేదు.

"సోమవారం నుంచీ ఉంది. నేను చూశా. మనవడు కూడా చూపించాడు, మంచొస్తోంది నాన్నమ్మా అని. పదిహేను దాటితే దింపుతామని నేనూ చెయ్యెత్తాగా. మంగళవారం దిగలేదు, బుధవారం దిగలేదు. ఎందుకు దిగలేదని నేను ఎవర్నైనా అడిగానా?" గ్లవ్స్ వెనక భాగంతో ముక్కు తుడుచుకుంది, కారం అంటుకుంది. "సాయంత్రం ఐదింటికి ఆమె ఫోను తెరిచే ఉంటుంది. నంబరు నా దగ్గరుంది. నీ దగ్గర లేదా యోన్‌హీ?"

"ఉంది" అంది యోన్‌హీ.

"నారే తర్వాత నువ్వు. నీ తర్వాత నేను. అరవై ఒకటి నాకు. మంచి మీటింగ్ ఏదో ఉందన్నారులే, పిల్ల చూసుకుంటుందిలే అనుకున్నా." చేతిలో క్యాబేజీని జాడీలోకి విసిరినట్టు పడేసింది. "దీని మొహం ఏం చూస్తారు, మీ మొహాలు చూసుకోండి."

ఎవరో ఏడుస్తున్నారు, ఎవరన్నది నేను చూడలేదు. గిల్సు ఎప్పుడు బయటికి వెళ్ళాడో కూడా చూడలేదు.

"రేపెంత?" అంది చివరికి యోన్‌హీ.

చేతులన్నీ కారమే. ఒక్బున్ పెద్దక్క ఫోను ఒళ్ళో పెట్టుకుని ముక్కుతో తెరిచింది. "తొమ్మిది."

"నాదాంట్లోనూ తొమ్మిదే" అంది పక్కామె.

"తొమ్మిది."

"నాకు పది చూపిస్తోంది."

"నీది పాత ఫోనే, మళ్ళీ చూడు."

"ఆ, తొమ్మిది."

వరసగా అందరూ చూసుకున్నారు, మోచేతులతో, ముక్కులతో, పక్కవాళ్ళ చేత నొక్కించుకుని. ఒక్కొక్కరూ పైకి చదివారు. ముప్ఫై ఒక్కసార్లు విన్నాను.

"అయితే రేపు ఎక్కుతాను" అన్నాను.

ఎవరూ వద్దనలేదు.